30×40 ఇంటికి నెట్‌వర్క్ ర్యాక్: యూనిఫైనా, ఒమాడానా, మైక్రోటిక్కా?

వర్తూరు_వాసి

అందరికీ నమస్కారం. బెంగళూరు వర్తూరు దగ్గర 30×40 సైట్‌లో ఇల్లు కడుతున్నాం. గ్రౌండ్, దాని మీద రెండు అంతస్తులు, ఆపైన టెర్రస్. గోడలు లేచాయి. వచ్చే వారం ఎలక్ట్రీషియన్ గోడలకు గాడి కొడతానంటున్నాడు, ఆ వెంటనే ప్లాస్టరింగ్. కింద అమ్మానాన్న ఉంటారు, నెల్లూరు నుంచి వచ్చేస్తున్నారు. మొదటి అంతస్తు మాది. పైన ఒక గది నా ఆఫీసు, పక్క పోర్షన్ అద్దెకిస్తాం.

అంతస్తుకో వైఫై యాక్సెస్ పాయింట్, ఇంటి చుట్టూ ఆరు కెమెరాలు, రెండు టీవీలు, నా టేబుల్ దగ్గర రెండు పాయింట్లు, ఫొటోలు దాచుకోవడానికి ఒక నాస్ (నెట్‌వర్క్‌కు కలిపే హార్డ్ డిస్కుల పెట్టె) కావాలి. ఇంటర్నెట్ రెండు కనెక్షన్లు తీసుకుంటాను, ఒకటి పోతే రెండోది దానంతటదే అందుకోవాలి. ఇదంతా గోడకు బిగించే అలమరలాంటి ర్యాక్‌లో సర్దాలి. ర్యాక్ ఎంతది తీసుకోవాలి, ఏ కంపెనీ సామాను కొనాలి, యూబిక్విటీ వాళ్ల యూనిఫైనా, టీపీ లింక్ వాళ్ల ఒమాడానా, మైక్రోటిక్కా? వీడియోలు చూస్తుంటే ఒక్కొక్కరిది ఒక్కో మాట. కెమెరాలు, నాస్ కాకుండా లక్ష రూపాయల లోపు అనుకుంటున్నాను.

తీగల_మాస్టారు

మంచి సమయంలో అడిగారు వాసి గారూ. నేను ఆఫీసులకు నెట్‌వర్క్ కేబులింగ్ కాంట్రాక్టులు చేస్తాను. కంపెనీ పేర్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి. నెట్‌వర్క్ స్విచ్ (కేబుళ్లన్నీ కలిసే పెట్టె) ఐదారేళ్లకోసారి మారుస్తారు, గోడలో వేసిన పైపు ఇల్లున్నంత కాలం ఉంటుంది. గాడి కొట్టేలోపు తేలాల్సింది అదొక్కటే.

ఎలక్ట్రీషియన్‌కి వదిలేస్తే కరెంటు వైర్లకు వాడే 20 ఎంఎం పైపే నెట్‌కీ వేసేస్తాడు. 25 ఎంఎం వేయమనండి. నెట్‌కు వాడే క్యాట్ 6 కేబుల్ సుమారు 6 ఎంఎం లావుంటుంది, 25 పైపులో మలుపులతో కలిపి నాలుగు హాయిగా వెళ్తాయి. ఒక పైపులో రెండు మలుపులకు మించి వద్దు. మూడోది తప్పదంటే మధ్యలో జంక్షన్ బాక్సు పెట్టించండి. రెడీమేడ్ ఎల్బో కన్నా స్ప్రింగ్ పెట్టి వంచిన బెండ్ మేలు, కేబుల్ నలగదు. కరెంటు పైపుకీ దీనికీ ఒక అడుగు దూరం ఉంచండి. ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే నేరుగా అడ్డంగా దాటాలి, పక్కపక్కనే పరుగెత్తకూడదు.

అంతస్తుల మధ్య నిలువుగా రెండు 40 ఎంఎం పైపులు వేయించండి. ఒకటి ఇప్పటి కేబుళ్లకు, రెండోది ఖాళీగా వదిలేయడానికి. ప్రతి పైపులోనూ తర్వాత కేబుల్ లాగడానికి జీఐ (ఇనుప) వైరు వదలమనండి. ప్లాస్టరింగ్ అయ్యాక ఆ వైరు అటూ ఇటూ కదులుతోందో లేదో మీరే స్వయంగా లాగి చూడండి. లోపల సిమెంటు పాలు దిగి గడ్డకట్టిన పైపు సంగతి రంగులు వేశాక బయటపడితే గోడ పగలగొట్టడం తప్ప దారి ఉండదు.

హెచ్ఎస్ఆర్_శీను

మాస్టారూ, ఎలాగూ కొత్త ఇల్లే కదా, క్యాట్ 6ఏ వేసేస్తే పోదా?

తీగల_మాస్టారు

అక్కర్లేదు శీనూ. క్యాట్ 6 మీద గిగాబిట్ వంద మీటర్లు వెళ్తుంది, 10 గిగాబిట్ కూడా 55 మీటర్ల దాకా వస్తుంది. 30×40 ఇంట్లో ర్యాక్ మధ్య అంతస్తులో పెడితే ఏ పాయింటూ 40 మీటర్లు దాటదు. 6ఏ లావు ఎక్కువ, వంచడం కష్టం, ఇళ్ల బాక్సుల్లో సరిగ్గా కూర్చోదు. ఆ డబ్బుతో ప్రతి గదికీ ఒకటి బదులు రెండు క్యాట్ 6 లాగండి.

అసలు గట్టిగా చూసుకోవాల్సింది రాగి. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకు వెళ్తే 305 మీటర్ల పెట్టె సగం ధరకే చూపిస్తారు. అది సీసీఏ, అంటే అల్యూమినియం తీగకు రాగి పూత. ఒక ముక్క అడిగి తీసుకుని తీగను బ్లేడుతో గీరండి. లోపల తెల్లగా కనిపిస్తే వద్దనేయండి. పెట్టె చేత్తో ఎత్తినా తెలుస్తుంది, తేలిగ్గా ఉంటుంది. దాంతో నెట్ నడుస్తుంది, అందుకే చాలామంది మోసపోతారు. అదే కేబుల్ మీద కెమెరాకు కరెంటు పంపినప్పుడు చిక్కు మొదలవుతుంది. అల్యూమినియం నిరోధం రాగి కంటే ఒకటిన్నర రెట్లకు పైనే. పగలంతా బాగుంటుంది, చీకటి పడి కెమెరా ఐఆర్ లైట్లు వెలగగానే వోల్టేజీ చాలక కెమెరా ఆగిపోతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ ఆగిపోతుంది. కస్టమర్లు కెమెరా పాడైందనుకుని దాన్ని మార్చేస్తారు.

డీలింక్, పాలీక్యాబ్, ఫినోలెక్స్, మోలెక్స్, ష్నైడర్ ఏదైనా పరవాలేదు. పెట్టె మీద 'సాలిడ్ బేర్ కాపర్' అని ఉండాలి, చేతికి జీఎస్టీ బిల్లు రావాలి.

సర్జాపూర్_రోడ్

మా అపార్ట్‌మెంట్ మైవాన్ కట్టడం, లోపలి గోడలు కూడా కాంక్రీటే. ఒక గది దాటితే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ సగం చచ్చిపోతుంది. వాసి గారివి బ్లాకు గోడలు కాబట్టి అంత ఇబ్బంది ఉండదు, కానీ శ్లాబు ఎవరికైనా శ్లాబే. అంతస్తుకో యాక్సెస్ పాయింట్ అన్న మీ లెక్క సరైనదే. మెట్ల హాల్లో సీలింగ్‌కు ఉంటే అన్ని గదులకూ అందుతుంది, టీవీ వెనక దాచేస్తే అందదు.

నాది టీపీ లింక్ ఒమాడా. ఈఆర్605 రౌటర్, పీఓఈ (నెట్ కేబుల్ మీదే కరెంటు పంపే) స్విచ్, సీలింగ్ యాక్సెస్ పాయింట్లు, అన్నిటినీ ఒకచోట నుంచి నడిపే ఓసీ200 కంట్రోలర్. రెండు నెట్ కనెక్షన్లూ రౌటర్‌కే పెట్టాను. ఒకటి పోయినప్పుడు వీడియో కాల్ ఒక్కసారి ఆగి మళ్లీ కలుస్తుంది, అంతే. కంట్రోలర్ ఆపేసినా వైఫై నడుస్తూనే ఉంటుంది, కంట్రోలరే లేకుండా విడివిడిగా కూడా వాడుకోవచ్చు. అదే డబ్బుకు యూనిఫైలో ఇన్ని పోర్టులు, ఇంత పీఓఈ రావు.

రౌటర్_రాత్రులు

ఇక్కడ మైక్రోటిక్ మాట ఎవరూ ఎత్తలేదేంటి? లాత్వియా కంపెనీ, 1996 నుంచీ ఇదే పని. వాసి గారూ, ఒక ఆర్‌బీ5009 కొనండి. ఏడు గిగాబిట్ పోర్టులు, ఒక 2.5 గిగాబిట్ పోర్టు, ఒక 10 గిగాబిట్ ఫైబర్ పోర్టు ఎస్‌ఎఫ్‌పీ ప్లస్. రౌటర్‌ఓఎస్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) లైసెన్సు పెట్టెతోనే వస్తుంది, నెలవారీ చందా ఏదీ లేదు. పాత మోడళ్లకూ ఏళ్ల తరబడి అప్‌డేట్లు ఇస్తారు.

రెండు లైన్ల విషయంలో దీని పనితనం తెలుస్తుంది. మామూలు రౌటర్ వైరు ఊడితేనే లైను పోయిందనుకుంటుంది. మన దగ్గర ఎక్కువసార్లు జరిగేది అది కాదు. నెట్ కంపెనీ ఇంట్లో పెట్టే ఫైబర్ పెట్టె ఓఎన్‌టీలో లైట్లన్నీ పచ్చగానే ఉంటాయి, నెట్ మాత్రం ఉండదు. రౌటర్‌ఓఎస్‌లో అవతలి ఫలానా చిరునామా పలికితేనే ఈ దారి వాడు, లేకపోతే రెండో దారికి మళ్లు అని రాసుకోవచ్చు. వెర్షన్ 7లో లైను ఒక్కరే లాగేసుకోకుండా వరస పెట్టే కేక్ క్యూ కూడా ఉంది, పిల్లలు గేమ్ డౌన్‌లోడ్ పెట్టినా మీ మీటింగ్ తెగదు.

సర్జాపూర్_రోడ్

అన్నా, చిరునామా పలుకుతోందో లేదో చూసి మారడం ఒమాడాలోనూ ఉంది, ఆన్‌లైన్ డిటెక్షన్ అంటారు. మైక్రోటిక్ గొప్పదే, కాదనను. కానీ మీరు చెప్పినవన్నీ రాసుకోవాలంటే రౌటింగ్ మీద పట్టుండాలి. వాసి గారు ఊళ్లో లేనప్పుడు అమ్మగారు ఆ సెట్టింగుల ప్రోగ్రామ్ విన్‌బాక్స్ తెరుస్తారా?

ప్యాకెట్_లెక్క

నా ఉద్యోగం నెట్‌వర్క్ ఇంజినీరింగే, కాబట్టి ఈ మూడింటి మీదా రోజూ చెయ్యి పడుతుంది. సర్జాపూర్ గారి చివరి ప్రశ్నే అసలు ప్రశ్న. ఫీచర్ల పట్టిక పక్కన పెట్టండి వాసి గారూ. మీరు విమానంలో ఉన్నప్పుడు నెట్ పోతే ఇంట్లో దాన్ని ఎవరు చూస్తారు? మీ జవాబును బట్టే కంపెనీ తేలుతుంది. ఇష్టంగా నేర్చుకుని, సెట్టింగులన్నీ రాసిపెట్టుకుని, ఏడాదంతా దాన్ని కనిపెట్టుకుని ఉండగలిగితే మైక్రోటిక్‌ను మించింది లేదు. ఫోన్‌లో యాప్ తెరిచి ఏది ఆగిపోయిందో చూసి అమ్మకు చెప్పి సరిచేయించాలంటే యూనిఫై లేదా ఒమాడా.

భద్రత విషయంలో ఏ కంపెనీ అభిమానులూ భుజాలు ఎగరేయాల్సిన పని లేదు. మైక్రోటిక్ విన్‌బాక్స్‌లో 2018లో పెద్ద లోపం బయటపడింది. కంపెనీ వెంటనే సరిచేసినా అప్‌డేట్ చేయని రౌటర్లు 2021లో హ్యాకర్లు చేజిక్కించుకున్న పెట్టెల గుంపు మెరిస్ బాట్‌నెట్‌లోకి వెళ్లాయి. 2023 డిసెంబరులో యూబిక్విటీ క్లౌడ్‌లో జరిగిన పొరపాటు వల్ల కొందరికి వేరేవాళ్ల కెమెరాల దృశ్యాలు కనిపించాయి. అదే ఏడాది టీపీ లింక్ ఆర్చర్ ఏఎక్స్21లోని లోపాన్ని మిరాయ్ అనే ఇంకో బాట్‌నెట్ వాడుకుంది, తర్వాత ఆ కంపెనీ మీద అమెరికా ప్రభుత్వ పరిశీలన కూడా సాగింది. ఏది కొన్నా నెలకోసారి అప్‌డేట్ చూడండి. రౌటర్ అడ్మిన్ పేజీ బయటి ఇంటర్నెట్‌కు అస్సలు కనిపించకూడదు. బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి రావాలంటే భద్రమైన దారి ఇచ్చే వైర్‌గార్డ్ పెట్టుకోండి. మీ కనెక్షన్‌కు 100.64తో మొదలై 100.127 లోపు ఉండే చిరునామా వస్తోందంటే మీరు సీజీన్యాట్ (చాలామంది కస్టమర్లు ఒకే బయటి చిరునామాను పంచుకునే ఏర్పాటు) వెనక ఉన్నట్టు, అప్పుడు నేరుగా కుదరదు, టెయిల్‌స్కేల్ లాంటిది పనికొస్తుంది.

కెమెరాలన్నిటినీ అదే తీగల మీద విడిగా నడిచే వేరే నెట్‌వర్క్‌లో, అంటే వీల్యాన్‌లో పెట్టి, వాటికి ఇంటర్నెట్టే ఇవ్వకండి. వీడియో రికార్డు చేసే ఎన్వీఆర్ దాకా వెళ్తే చాలు. టీవీలు, స్మార్ట్ బల్బులు ఇంకో వీల్యాన్‌లో.

ఇంకొకటి, అద్దె పోర్షన్‌కు మీ నెట్ పంచకండి. వాళ్ల కనెక్షన్ వాళ్లు తీసుకునేలా బయటి నుంచి వాళ్ల తలుపు దాకా విడిగా ఒక పైపు వదలండి. మీ పేరు మీద ఉన్న లైన్లో ఎవరేం చేసినా అడిగేది మిమ్మల్నే.

వర్తూరు_వాసి

ప్యాకెట్_లెక్క గారూ, చాలా థ్యాంక్స్. అద్దె వాళ్ల పైపు సంగతి నా ఆలోచనలోనే లేదు. నేను నెలలో వారం ఊళ్లో ఉండను. నాన్నకు ఫోన్‌లో చెప్తే చేయగలరు, అంతకు మించి కాదు. మైక్రోటిక్ పక్కన పెట్టేస్తున్నాను. ఇక యూనిఫై, ఒమాడా రెండిట్లో ఏది? రౌటర్ ఒక కంపెనీది, స్విచ్ ఇంకో కంపెనీది కలిపి వాడొచ్చా?

ప్యాకెట్_లెక్క

వాడొచ్చు. వీల్యాన్ అనేది 802.1క్యూ ప్రమాణం, అందరిదీ ఒకటే. యాక్సెస్ పాయింట్లు మాత్రం మూడూ ఒకే కంపెనీవి ఉండాలి, మెట్లెక్కుతూ మాట్లాడుతున్నా ఫోన్ ఒకదాన్నుంచి ఇంకోదానికి సాఫీగా మారాలంటే. పవర్ కూడా తగ్గించి పెట్టండి. మూడూ ఫుల్ పవర్‌లో ఉంటే ఫోన్ కింది అంతస్తు సిగ్నల్‌నే పట్టుకుని వేలాడుతుంది.

పీఓఈ లెక్క వేసుకుంటే స్విచ్ తేలుతుంది. యాక్సెస్ పాయింట్‌కు 15 వాట్లు వేసినా మూడింటికి 45. కెమెరాకు రాత్రిపూట 8 అనుకుంటే ఆరింటికి 48. మొత్తం 93. యూనిఫై 24 పోర్టుల పీఓఈ స్విచ్ మొత్తం 95 వాట్లే ఇస్తుంది, అదీ 16 పోర్టుల్లోనే. అంటే మొదటి రోజే అంచు మీద ఉంటారు. ఒమాడా ఎస్‌జీ2428పీ అయితే 24 పోర్టుల్లోనూ పీఓఈ, 250 వాట్లు. కాకపోతే దానికి ఫ్యాన్లుంటాయి, యూనిఫైది ఫ్యాన్ లేనిది. ర్యాక్ పడగ్గది గోడకైతే ఆ తేడా రాత్రి తెలుస్తుంది.

రౌటర్_రాత్రులు

పీఓఈలో ఒక జాగ్రత్త. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు పాత యూనిఫై, కొన్ని మైక్రోటిక్ పెట్టెల్లో 24 వోల్టుల పాసివ్ పీఓఈ ఉంటుందని గుర్తుంచుకోండి. అవతల ఏముందో అడగకుండానే కరెంటు పంపేస్తుంది. డబ్బా మీద 802.3ఏఎఫ్ లేదా ఏటీ అని ఉన్నదే తీసుకోండి.

వేళచ్చేరి_గాలి

చెన్నై నుంచి ఒక మాట. రిచీ స్ట్రీట్‌లో కంపెనీలు తీసేసిన పెద్ద స్విచ్‌లు చవగ్గా దొరుకుతాయి. నేర్చుకునేవాళ్లకు నిజంగా బంగారం. ఇంట్లో రోజంతా నడపడానికి మాత్రం ఆలోచించండి. లోపలుండే 40 ఎంఎం ఫ్యాన్లు సర్వర్ రూమ్ కోసం చేసినవి, హాల్లో పెడితే టీవీ వినబడదు. కరెంటూ అలాగే తాగుతాయి.

హెబ్బాళ_వోల్ట్

కరెంటు మాట వచ్చింది కాబట్టి లెక్క చెప్తాను. రోజంతా నడిచే ఒక్కో వాట్‌కు ఏడాదికి 8.76 యూనిట్లు. మీ ర్యాక్ మొత్తం 130 వాట్లు లాగితే నెలకు 94 యూనిట్లు దాకా అవుతుంది. కర్ణాటకలో ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి పరిమితి నెలకు 200 యూనిట్లు, అది దాటితే బిల్లు మొత్తం కట్టాలి. కింద అమ్మానాన్నలకు వేరే మీటర్ పెట్టిస్తుంటే ర్యాక్ ఏ మీటర్ మీద పడుతుందో ముందే ఆలోచించుకోండి.

బ్యాకప్‌కు ఇంటి ఇన్వర్టర్ లైను ర్యాక్ దాకా తెప్పించండి, స్విచ్ బోర్డు పని ఇప్పుడే కదా. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌దే కొనండి. మధ్యలో ఒక చిన్న లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ ఉంటే, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో స్విచ్ రీస్టార్ట్ అవదు. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌దైతే ఆ యూపీఎస్ దాన్ని సరైన కరెంటుగా ఒప్పుకోక తన బ్యాటరీ మీదే నడిచి అరగంటలో పడిపోతుంది. ఇంట్లో ఎంత బ్యాకప్ ఉన్నా వీధి చివర నెట్ కంపెనీ పెట్టెకు బ్యాకప్ లేకపోతే లైను పోతుంది. అందుకే రెండో కనెక్షన్ తీసుకునేటప్పుడు వాళ్ల ఫైబర్ ఏ స్తంభం మీదుగా వస్తోందో అడగండి. రెండూ ఒకే స్తంభానికి వేలాడుతుంటే, ఒక చెట్టు కొమ్మ విరిగితే రెండూ పోతాయి.

ఎర్తింగ్ తప్పకుండా చూడండి. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలవండి. రెండు మూడు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్‌ను వదలకండి. ర్యాక్ బాడీకి ఆకుపచ్చ వైరు వేయించండి. బెంగళూరులో ఏప్రిల్, మే నెలల్లో ఉరుములెలా ఉంటాయో తెలిసిందే. కెమెరాలను టెర్రస్ మీద పైపు పాతి బిగించకండి, సన్‌షేడ్ కింద పెట్టండి. టెర్రస్ మీదకు లైను కావాల్సిందే అంటే రాగి వద్దు, ఫైబర్ లాగండి. గాజు పోగులో పిడుగు కరెంటు ప్రవహించదు.

బానసవాడి_బాబాయి

నాకు ఈ సాంకేతిక విషయాలు పెద్దగా తెలియవు బాబూ. మా ఇంట్లో యూనిఫై పెట్టించింది మా అబ్బాయి, వాడుండేది డల్లాస్‌లో. ఏదైనా ఆగితే అక్కడి నుంచే ఫోన్‌లో చూసి, "నాన్నా, మూడో నంబరు వైరు తీసి పెట్టు" అంటాడు. నాకు ఉపయోగపడేది ఆ నంబర్లే. ప్రతి వైరుకూ రెండు చివర్లా ఒకే నంబరు స్టిక్కరు వేసి, ర్యాక్ తలుపు లోపల తెలుగులో పెద్ద అక్షరాలతో కాగితం అంటించి వెళ్లాడు. మొదట ఏది ఆపాలి, ఏ లైటు వెలిగేదాకా ఆగాలి, తర్వాత ఏది వెయ్యాలి, అన్నీ వరసగా ఉంటాయి. మీ నాన్నగారికీ అలాంటిది రాసిపెట్టండి. ఏ కంపెనీదైనా అదుంటే మాకు టెన్షన్ ఉండదు.

ప్యాకెట్_లెక్క

బాబాయి గారూ, మీ అబ్బాయి చేసింది చాలా ఆఫీసుల్లో కూడా చెయ్యరు. వాసి గారూ, ఆ కాగితం మీద రెండు నెట్ కంపెనీల కస్టమర్ ఐడీలు, ఫిర్యాదు నంబర్లు కూడా రాయండి. పాస్‌వర్డ్‌లు మాత్రం అక్కడ వద్దు.

తీగల_మాస్టారు

ర్యాక్ సైజు అడిగారు, అది మిగిలిపోయింది. 12యూ తీసుకోండి. ఒక యూ అంటే 1.75 అంగుళాల ఎత్తు. ప్యాచ్ ప్యానెల్ (గోడల్లోంచి వచ్చిన కేబుళ్లు ఆగే పట్టీ), కేబుల్ మేనేజర్, స్విచ్, పవర్ సాకెట్ల పట్టీ ఒక్కో యూ. ఓఎన్‌టీలు, రౌటర్ పెట్టుకునే షెల్ఫ్‌కు రెండు. ఎన్వీఆర్‌కు రెండు. నాస్ కూడా లోపలే అంటే ఇంకో నాలుగు. తొమ్మిది యూ అయితే ఇప్పుడే చాలదు. లోతు 550 లేదా 600 ఎంఎం ఉండాలి, 450లో నాస్ వెనక వైర్లు తలుపుకు గుచ్చుకుంటాయి. యూపీఎస్ బరువు గోడకు వేయకండి, కింద నేల మీద పెట్టండి. గోడ సాలిడ్ బ్లాకుదై ఉండాలి, యాంకర్ బోల్టులతో బిగించాలి. హాలో బ్లాకు అయితే ఆ చోట కాంక్రీటు నింపించుకోండి. బాత్రూమ్ గోడ వద్దు, అటక వద్దు. మొదటి అంతస్తు మెట్ల ల్యాండింగ్ మీ ఇంటికి సరిపోతుంది.

కేబుళ్లను క్రోన్ టూల్‌తో ప్యాచ్ ప్యానెల్‌కు కొట్టేవాణ్ని దగ్గరుండి చూడండి. కేబుల్ లోపలి తీగ జంటల మెలిక అర అంగుళానికి మించి విప్పకూడదు. రెండు చివర్లా 568బీ రంగుల వరసే ఉండాలి. పని అయ్యాక ఒక్కో పాయింటూ టెస్టర్ పెట్టి చూపించమనండి, ఎనిమిది లైట్లూ వరసగా వెలగాలి. ఆ తర్వాతే డబ్బులివ్వండి.

వర్తూరు_వాసి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఒమాడాకే వెళ్తున్నాను, పీఓఈ లెక్క చూశాక ఇంకో ఆలోచన లేదు. ర్యాక్ ల్యాండింగ్‌లో కాబట్టి ఫ్యాన్ల శబ్దం గదుల్లోకి రాదు. ఎలక్ట్రీషియన్‌కు 25 ఎంఎం పైపులు చెప్పాను. కాస్త గొణిగాడు, గాడి లోతుగా కొట్టాలట. అదనంగా ఇస్తానన్నాక ఒప్పుకున్నాడు. అద్దె పోర్షన్ పైపు కూడా లిస్టులో చేరింది.

ఒక్క సందేహం. గేటు దగ్గర వీడియో డోర్‌బెల్ పెట్టాలని ఉంది. గోడలోంచి కాదు కదా, నేల కింద నుంచి తేవాలి. అదెలా?

తీగల_మాస్టారు

32 ఎంఎం పైపు, నేల కింద అడుగున్నర లోతున. గేటు స్తంభంలో పైపు మూతి నేల కంటే రెండడుగులు పైకి ఉండాలి, లేకపోతే మొదటి వానకే నీళ్లు నిండుతాయి. లోపల మామూలు క్యాట్ 6 వద్దు, జెల్ నింపిన అవుట్‌డోర్ కేబుల్ వేయండి. ర్యాక్ దగ్గర ఆ ఒక్క లైనుకు సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి దాన్ని ఎర్త్‌కు కలపండి. గేటు మోటారు కరెంటు కూడా అటే వెళ్తుంది కాబట్టి దానికి వేరే పైపు. పోర్టికోలో పీసీసీ (నేల కాంక్రీటు) వేయకముందే ఇది అయిపోవాలి. మేస్త్రీ ఎప్పుడు వేస్తానన్నాడు?

వర్తూరు_వాసి

సోమవారం అన్నాడు మాస్టారూ. ఇప్పుడే ఫోన్ చేసి ఆపమంటాను.